క్లచ్ తొందర

డ్రైవింగ్ నేర్పే టీచరమ్మకు శిష్యులు పెట్టిన పేరు సగం బ్రేకు. నేర్చుకునేవాడు ఏ గోడనో గుద్దబోతే ఆపడానికి పక్క సీటు ముందు ఇంకో జత పెడళ్లుంటాయి కదా, ఆ బ్రేకు మీద ఆమె కుడికాలు ఎప్పుడూ సగం ఆని ఉంటుంది. పూర్తిగా నొక్కదు, పూర్తిగా తీయదు. మంచం మీద పడుకున్నా ఆ కాలు అలాగే వంగి ఉంటుందని దర్జీ పని చేసే ఆమె మొగుడు నలుగురిలో చెప్పి నవ్విస్తుంటాడు. "నేను కాస్త గట్టిగా గురక పెడితే చాలండీ, నా పిక్క మీద బ్రేకు పడుతుంది" అంటాడు.

ఇరవై రెండేళ్లుగా ఆమెకు అదే పని. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లలో లారీలు తోలేవాళ్లున్నారు, అంబులెన్సులు నడిపేవాళ్లున్నారు, ఎదిగిన పిల్లల్ని తీసుకొచ్చి మళ్లీ ఆమెకే అప్పగించినవాళ్లున్నారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆమె నోటికి జడిసి మొదటి వారంలోనే పారిపోయినవాళ్లూ ఉన్నారు. "బండి ఎప్పుడూ తప్పు చేయదు. తప్పు చేసేది కాలు." మొదటిరోజు ఈ మాట చెప్పకుండా తాళంచెవి ఎవరి చేతికీ ఇవ్వదు. స్కూలు బోర్డు మీద కూడా అదే రాయించింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. పైగా ఆ మూడు కాళ్లనూ పుస్తకంలో రాసిపెట్టే రకం.

అవును, పుస్తకం. ప్రతి శిష్యుడికీ అందులో ఒక పేజీ. తేదీ, పాఠం నంబరు, చేసిన తప్పు, కింద ఆమె సంతకం. పాఠాలు మొత్తం పది. మొదటి మూడూ క్లచ్చు, గేరు, తిన్నగా నడపడం. నాలుగు, ఐదు, ఆరు మలుపులు, ఎత్తు రోడ్డు, రద్దీ. ఏడోది ఇరుకు సందులో బండిని వెనక్కి మళ్లించుకోవడం. ఎనిమిదోది గోదాము వెనక ఖాళీ స్థలంలో నాలుగు ప్లాస్టిక్ డ్రమ్ముల మధ్య వెనక్కి పార్కు చేయడం. ఆ పైన పెద్ద రోడ్డు, చివర ఉత్తుత్తి పరీక్ష. బండి ఆగిపోయిందంటే ఆమె రాసే మాట ఒకటే, 'క్లచ్ తొందర'. అంటే క్లచ్చు మీంచి కాలు తొందరపడి తీశాడని. అంతకు మించి ఆలోచించాల్సిన పని ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ పడలేదు.

పాత కారు ముసలిదైపోయింది. దాన్ని ఇచ్చేసి, కొత్తది తీసుకుంది. తెల్లటి బుల్లి కారు. సీట్ల మీద ప్లాస్టిక్ కవరు తీయడానికి ఆమెకు మనసొప్పక, నెల రోజులు శిష్యులందరూ చెమటకు అంటుకుపోతూ నేర్చుకున్నారు. ఆ కొత్త కారు వచ్చినప్పటి నుంచే మొదలైంది. ఏడో పాఠానికి వచ్చినవాళ్లు, ఎనిమిదో పాఠానికి వచ్చినవాళ్లు, చక్కగా నడుపుతున్నవాళ్లు కూడా ఉన్నట్టుండి బండి ఆపేసుకోవడం. సగం బ్రేకు గారికి ఒళ్లు మండిపోయేది. "ఏం తిని వచ్చావయ్యా ఇవాళ? నేర్చుకున్నదంతా ఇంట్లో పెట్టి వచ్చావా?" అని అరిచేది. పుస్తకం తీసి రాసేది. క్లచ్ తొందర.

ఆ తిట్లు అందరికంటే ఎక్కువ తిన్నది కాలర్ల చెల్లెమ్మ. టీచరమ్మ మొగుడు పనిచేసే దర్జీ షాపులో చొక్కా కాలర్లు కుట్టే మనిషి. నలభై దాటాయి. మెడ నొప్పి ముదిరింది, వంగి కుట్టే పని మానుకోమన్నాడు డాక్టరు. చిన్నపిల్లల బడి వాళ్లు వ్యాను నడిపే పని ఇస్తామన్నారు, నెలాఖరుకల్లా లైసెన్సు తెస్తే చాలన్నారు. అన్నయ్యా అని దర్జీని పట్టుకుంటే ఆయనే తీసుకొచ్చి పెళ్లానికి అప్పగించాడు. ఏడు పాఠాలూ బాగానే నడిచాయి. ఎనిమిదో పాఠంలో డ్రమ్ముల మధ్య బండి వరసగా నాలుగుసార్లు ఆగింది. గోడ మీద కూర్చుని వంతు కోసం చూస్తున్న కుర్రకారు కిసుక్కున నవ్వారు. టీచరమ్మ ఊరుకుందా? "నీ కాలికి బుద్ధి లేదమ్మా! నీకు సూదీ దారమే సరి. స్టీరింగు మనకొద్దులే" అంది. ఆవిడ తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టి, చున్నీతో ముఖం తుడుచుకుని నడుచుకుంటూ వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆ వ్యాను పని ఇంకెవరికో పోయింది.

మరో నెలకు టీచరమ్మ ఒక్కతే వెళుతూ నాలుగు రోడ్ల కూడలిలో బండిని వెనక్కి మళ్లించబోతే, స్టీరింగు కుడివైపు చివరిదాకా తిప్పగానే ఇంజను టక్కున ఆగింది. వెనక లారీవాడు హారను మీద చెయ్యి తీయలేదు. పక్కనున్న స్కూటరువాడు తొంగి చూసి, "డ్రైవింగ్ స్కూలు బండేగా? మీరు కూడా నేర్చుకుంటున్నారా ఆంటీ?" అన్నాడు. ఇరవై రెండేళ్లలో ఆమె కాలి కింద బండి ఆగడం అదే మొదటిసారి. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

అప్పుడు మొదలైంది కంపెనీ వర్క్‌షాపు చుట్టూ తిరుగుడు. నాలుగుసార్లు ఇచ్చింది. నాలుగుసార్లూ వాళ్లు మూడేసి రోజులు ఉంచుకుని, కడిగి, తుడిచి, పెద్ద రోడ్డు మీద తిన్నగా ఒక చుట్టు తిప్పి, 'లోపం కనబడలేదు' అని కాయితం రాసిచ్చారు. కారు మాత్రం అద్దంలా మెరిసేది. ఇంతలో పరీక్ష పెట్టే ఆఫీసువాళ్లు మధ్యలో ఆగే బండిలో పరీక్షలు పెట్టేది లేదని చెప్పేశారు. పాఠాలు ఆగిపోయాయి. రెండు నెలలుగా స్కూలు తలుపుకి తాళం. పాత కారు పోయె, కొత్త కారు పనికిరాకపోయె. ఇక స్కూలు మూసుకోవడమేనా అన్న భయం ఆమెకు పట్టుకుంది. పైకి మాత్రం ఎవరైనా అడిగితే "సెలవులిచ్చాను" అనేది.

దారి చూపించింది దర్జీయే. సూదిలో దారం ఎక్కించే కళ్లజోడు పెట్టుకుని వారంటీ పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివాడు. చివరి పేజీల్లో చీమ తలకాయంత అక్షరాల్లో దొరికింది. కొన్న ఏడాదిలోపు ఒకే లోపం మూడుసార్లు బాగు చేయించినా పోకపోతే మధ్యవర్తి దగ్గరికి వెళ్లొచ్చు. లోపం బండిదని తేలితే కంపెనీ వేరే కొత్త బండి ఇవ్వాల్సిందే. మధ్యవర్తి మాటను కంపెనీ కాదనడానికి లేదు. వాడకంలో తప్పుందని తేలితే మాత్రం ఏమీ రాదు.

"చూశావుటే, చిన్న అక్షరాల్లో రాసేది మనకు కనబడకూడదనే" అన్నాడు గర్వంగా.

"కనబడిందిగా, ఇక ఆ కళ్లజోడు దించండి" అందామె. కానీ ఆ పూట మొగుడికి మరో గ్లాసు టీ ఇచ్చింది.

విచారణ ఒక మూడంతస్తుల భవనంలో, పై గదిలో. పొడవాటి బల్ల, ఆరు కుర్చీలు, నిముషానికోసారి కీచుమనే ఫ్యాను. మధ్యవర్తి బస్సుల డిపోలో ముప్పై ఏళ్లు ఇంజనీరుగా చేసి దిగిపోయిన పెద్దాయన. గోళ్ల చివర్ల నలుపు ఇంకా వదల్లేదు. కంపెనీ తరఫున సర్వీసు మేనేజరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మంచి మాట. మొగుడూ పెళ్లాలు ఇటు కూర్చున్నారు.

ఆమె వెళ్లీ వెళ్లగానే తన పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. తానెంత పద్ధతిగా నేర్పుతుందో చూపించాలని.

"చూడొచ్చా మేడమ్?" అన్నాడు మేనేజరు.

"చూడు బాబూ, దాచుకోవడానికేముంది అందులో" అంది.

చూశారా, తన గొయ్యి తానే తవ్వుకోవడమంటే ఇదే. అతగాడు పెన్సిలు పట్టుకుని పావుగంట పేజీలు తిప్పాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్, ఈ కారు నలభై ఒక్కసారి ఆగింది. నలభై ఒక్కసారీ కారణం మీరే రాశారు. క్లచ్ తొందర. కింద సంతకమూ మీదే. తప్పు నేర్చుకునేవాళ్లదని మీరే అంటున్నారు, మేమూ అదే అంటున్నాం." సెల్లు తీసి స్కూలు బోర్డు ఫొటో మధ్యవర్తికి చూపించాడు. "బండి ఎప్పుడూ తప్పు చేయదని మేడం గారు బోర్డే రాయించారు సార్. ఇప్పుడేమో ఆడలేక మద్దెల ఓడన్నట్టు..."

మధ్యవర్తి పుస్తకం తనవైపు తిప్పుకున్నాడు. "ఇది మీ రాతేనా అమ్మా?"

"నా రాతే."

నోట్లో వేలు పెడితే కొరికేసే మనిషి, తల దించుకుని కుర్చీలో వెనక్కి జరిగింది. పెద్దాయన ఆమె ముఖం చూసి, "అరగంట ఆగుదాం, టీ తాగి రండి" అన్నాడు.

వసారాలో బెంచీ మీద కూర్చున్నారు. టీ చల్లారిపోయింది. ఆమె గోడకేసి చూస్తూ ఉంటే, దర్జీ ఊరుకోలేక పుస్తకం తిరగేశాడు. ఒక పేజీ దగ్గర ఆగాడు.

"ఇదేంటే? కాలర్ల చెల్లెమ్మకి కూడా క్లచ్ తొందరేనా?"

"ఊఁ."

"ఆవిడ కాలికా? మా షాపు మొత్తానికి నెమ్మదైన కాలే అది. కాలరు మలుపు దగ్గర సూది ఒక్క కుట్టు దాటనివ్వదు. ఇరవై ఏళ్లు పెడల్ మీద కాలు పెట్టి బతికిన మనిషికి తొందరేంటే?"

ఆమెకు ఎక్కడో చురుక్కుమంది. అబద్ధమెందుకు, ఆ అనుమానం ఆమెకు ఇదివరకే వచ్చింది. కూడలిలో తన కాలి కింద బండి ఆగిన రోజే వచ్చింది. నాది బండి తప్పయితే, మిగతావాళ్లది? ఆ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ దాన్ని తొక్కిపెట్టింది. పుస్తకం వెనక్కి తిప్పి చూడలేదు. చూస్తే, ఇరవై రెండేళ్లుగా తప్పెవరిదో చిటికెలో చెప్పే తానే తప్పని తేలుతుంది. అంతకంటే కూడలిలో లారీ కింద పడటం నయమనిపించింది అప్పుడు.

"ఇలా ఇవ్వండి" అంది.

దర్జీ జేబులో గుడ్డ మీద గీసే నీలం సుద్ద ఎప్పుడూ ఉంటుంది. ఆమె పేజీలు తిప్పుతూ పాఠం నంబరు చెబుతూ పోయింది, ఆయన ఒక్కో క్లచ్ తొందర పక్కన సుద్దతో గీత పెడుతూ పోయాడు. రెండో పాఠంలో, మూడో పాఠంలో తొమ్మిది. నాలుగు, ఐదు, ఆరు పాఠాల్లో ఒక్కటీ లేదు. ఏడు, ఎనిమిదిల్లో ముప్పై రెండు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఏమండీ," అంది నెమ్మదిగా, "క్లచ్చు వదలడం వచ్చినవాడికి మళ్లీ రాకుండా పోతుందా? ఆరు పాఠాలు నేర్చుకున్నవాళ్లు ఏడో పాఠంలో మొదటి పాఠం తప్పు ఎందుకు చేస్తారు?"

"నన్నడుగుతావేమే? టీచరువి నువ్వు."

"ఏడులో, ఎనిమిదిలోనే కదా స్టీరింగు కుడికి చివరిదాకా తిప్పిస్తాను!"

గదిలోకి వెళ్లాక ఆమె కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. "అయ్యా, ఈ పుస్తకంలో తప్పుంది. రాసింది నేను, తప్పు నాది. మొదట్లో తొమ్మిది నిజంగా వాళ్ల కాలి తొందరే. ఈ ముప్పై రెండు మాత్రం వాళ్లవి కావు. చూడకుండా, ఆలోచించకుండా నేను వాళ్ల నెత్తిన రాశాను, నలుగురిలో తిట్టాను. తొందరపడింది వాళ్ల కాలు కాదు, నా చెయ్యి."

మేనేజరు వెంటనే అందుకున్నాడు. "అంటే మీ పుస్తకాన్నే నమ్మొద్దంటున్నారా మేడమ్?"

"నా రాతను నమ్మొద్దు బాబూ. నంబర్లను నమ్ము" అంటూ సుద్ద గీతలు చూపించింది. పెద్దాయన కళ్లజోడు పైకి తోసుకుని మూడు పేజీలు చూశాడు. నాలుగోది చూడలేదు. "బండి కిందే ఉందా?" అన్నాడు.

"సార్, ఆవిడ వైపు కూడా పెడళ్లున్నాయి" అన్నాడు మేనేజరు. "ఆవిడ కాలు వాటి మీద ఉంటే ఇక పరీక్షకు విలువేముంది?"

న్యాయమైన మాటే. ఆమె పక్క సీట్లో కూర్చుని, చెప్పులు విడిచి, రెండు కాళ్లూ పైకి తీసుకుని సీటు మీద బాసింపట్టు వేసుకుంది. స్టీరింగు దగ్గర మధ్యవర్తి. వెనక మొగుడూ, మేనేజరూ. ఇరవై నిమిషాలు ఊళ్లో తిరిగారు. పెద్దాయనకు బస్సులు అలవాటు, బుల్లి కారుని కూడా బస్సంత వెడల్పున తిప్పుతున్నాడు. ఆమె కుడికాలు ఒకటే గుంజుకుంటోంది. మోకాలి మీద చెయ్యి వేసి నొక్కి పట్టుకుంది. ఇరవై రెండేళ్లలో ఆ కాలి కింద బ్రేకు లేకుండా కారులో కూర్చోవడం అదే మొదలు.

భవనం వెనక ఖాళీ స్థలానికి వచ్చి, వెనక్కి గేరు వేసి, స్టీరింగు కుడికి చివరిదాకా తిప్పాడు. బండి నెమ్మదిగా వెనక్కి జరిగింది. ఆగలేదు. రెండోసారి. ఆగలేదు. మేనేజరు చిన్నగా దగ్గాడు. ఎప్పుడూ ఎక్కడపడితే అక్కడ ఆగి పరువు తీసే బండి, ఇవాళ్టికి బుద్ధిమంతురాలైపోయింది!

"మళ్లీ తిప్పండయ్యా," అంది, "చివరిదాకా. ఇంకో వేలెడు ఉంది చూడండి."

మూడోసారి. ఇంకో వేలెడు తిప్పాడు. టక్.

పెద్దాయన మళ్లీ స్టార్టు చేసి, మళ్లీ తిప్పాడు. టక్. ఆయన నవ్వాపుకోలేక ఆమె వైపు తిరిగాడు. "మీ పుస్తకంలో నాకూ ఒక పేజీ ఇవ్వండమ్మా. క్లచ్ తొందర అని రాసుకోండి."

వెనక సీట్లోంచి దర్జీ, "ఈసారి మద్దెలే ఓడండీ!" అని గట్టిగా అనేశాడు. ఆమెకు అంతవరకూ బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారి బయటికొచ్చింది. నవ్వో ఏడుపో తెలియలేదు. బాసింపట్టు విప్పబోతే కాళ్లు తిమ్మిరెక్కి, మొగుడు చెయ్యి పట్టుకుని దించాల్సి వచ్చింది.

బానెట్ ఎత్తి చూశారు. స్టీరింగు దగ్గర వైర్ల కట్ట ఒకటి కురచగా బిగించారు. చివరిదాకా తిప్పితే అది బిగుసుకుని, వేడెక్కాక లోపలి వైరు ఒకటి వదిలేస్తోంది. మేనేజరు బానెట్ దించబోయాడు. "చిన్న వైరే సార్. అరగంటలో సరిచేసి ఇస్తాం."

"ఆ అరగంట నాలుగుసార్లు మీ చేతిలో ఉంది కదా బాబూ" అన్నాడు పెద్దాయన. పైకి వెళ్లి తీర్పు రాశాడు. నెలలోపు ఈ బండి వెనక్కి తీసుకుని, వేరే కొత్తది ఇవ్వాలి. కింద సంతకం.

బయటికొచ్చాక ఎండ కూడా హాయిగా ఉందనిపించింది ఆమెకు. గుండె మీంచి బండ దిగినట్టుంది. స్కూలు మూతపడదు. బోర్డు దించక్కర్లేదు. బోర్డంటే గుర్తొచ్చింది, దాని మీద మాట మాత్రం చెరిపించాలి.

"ఇంటికేనా?" అన్నాడు మొగుడు.

"మీ షాపుకి."

షాపులో వరసగా ఆరు మిషన్లు. చివరి మిషను దగ్గర మెడకు పట్టీ కట్టుకుని కాలర్ల చెల్లెమ్మ కుడుతోంది. టీచరమ్మను చూసి మిషను ఆపింది. సూది సరిగ్గా మలుపు దగ్గర, గుడ్డలో దిగి ఆగింది. ఆ కాలిని టీచరమ్మ ఒక్క క్షణం చూస్తూ నిలబడింది. తర్వాత పుస్తకం తెరిచి, నీలం గీతలున్న పేజీ ఆవిడ ముందు పెట్టింది.

"ఇవి నీ తప్పులు కావమ్మా. బండిది తప్పు. ఇవాళ తేలింది. నీ కాలిని నేను అనరాని మాటలన్నాను. ఆ తప్పు నాది."

మిగతా మిషన్లు కూడా ఆగిపోయాయి. ఆవిడ ఆ నీలం గీతల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"ఆర్నెల్లు నా కాలిని నేనే తిట్టుకున్నానండీ," అంది చివరికి. కళ్లల్లో నీళ్లున్నాయి, గొంతులో కోపమూ ఉంది. "రోడ్డు దాటాలన్నా దీన్ని నమ్మలేదు."

"తిట్టాల్సింది నన్ను. తిట్టు, ఒప్పుకుంటాను." టీచరమ్మ పెన్ను తీసి, ఆ పేజీలో నాలుగు క్లచ్ తొందరలూ ఒక్కొక్కటే కొట్టేసి, పక్కన సంతకం పెట్టింది. "పోయిన పనిని నేను తెచ్చివ్వలేను. ఇంకో బడివాళ్లని అడుగుతాను, నా శిష్యులు వ్యాన్లు నడిపే బడులు నాలుగున్నాయి. నెలలో కొత్త బండి వస్తుంది. మొదటి పాఠం నీకే."

ఆవిడ ముఖం తుడుచుకుని తల ఎత్తింది.

"మొదటి పాఠమేంటండీ? నాకు ఎనిమిది వచ్చేశాయిగా. తొమ్మిదోది చెప్పండి."

టీచరమ్మ కొట్టేసిన గీతల కింద 'తొమ్మిదో పాఠం' అని రాసి, తేదీ దగ్గర ఖాళీ వదిలింది.